జేబులో మల్టీటూల్: చాకు రకం కొనాలా, ప్లేయర్ రకం కొనాలా?

కొత్త సిలిండర్ తెల్లమూతకు ఉండే నైలాన్ తాడు లాగగానే తెగిపోయింది. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. కుక్కర్‌లో అన్నం సగం ఉడికి ఆగింది, పాత సిలిండర్‌లో గ్యాస్ అయిపోయింది. బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో ఉండేది ముగ్గురం. నాది హిందూపురం, ఒకడిది నంద్యాల, ఇంకొకడిది ఒంగోలు. నంద్యాలవాడు చెంచా కాడతో మూత ఎత్తబోతే కాడ వంగింది తప్ప మూత కదల్లేదు. రెండు రోజుల ముందే కొన్న మల్టీటూల్, అంటే చాలా పనిముట్లు మడిచి ఒక్కటిగా చేసిన వస్తువు, నా ఆఫీసు బ్యాగులో ఉంది. దాని ప్లేయర్ (పట్టకారు) కొసతో, తెగిపోగా మిగిలిన తాడు మొదలును పట్టుకుని నిదానంగా పైకి లాగాను. మూత టప్‌మని ఊడొచ్చింది.

"ఎక్కడ కొన్నావు మామా? నాక్కూడా ఇదే ఒకటి చూడు" అన్నాడు నంద్యాలవాడు.

అలాగే అనబోయి ఆగాను. నేను కొన్నది లెదర్‌మన్ కంపెనీ వింగ్‌మన్ రకం. అది నాకు సరిపోయింది. వాడు రోజూ బైక్ మీద వైట్‌ఫీల్డ్ వెళ్లొస్తాడు, బ్యాగ్ మోయడు, ఫోను, పర్సు, తాళాలు తప్ప జేబులో ఏదీ ఉంచుకోడు. రెండొందల గ్రాముల ఇనుము వాడి జేబులో వారం కూడా ఉండదు, తర్వాత డ్రాయర్‌లోకి పోతుంది. డబ్బు పెట్టి కొన్న వస్తువు అవసరమైన చోట లేకపోతే కొననట్టే కదా. అందుకే వాడికి రెండు రోజుల తర్వాత చెప్తానన్నాను. ఆ చెప్పాల్సిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

రెండు కుటుంబాలు

బజార్లో పేర్లు ఎన్ని ఉన్నా, జేబు పనిముట్లు రెండే కుటుంబాలు. ఒకటి చాకు కుటుంబం, రెండోది ప్లేయర్ కుటుంబం. ఒక్కోటి ఏ అవసరంలోంచి పుట్టిందో తెలిస్తే, ఏది ఎందులో గట్టిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

చాకు కుటుంబం స్విట్జర్లాండ్ సైన్యం కోసం పుట్టింది. 1890ల మొదట్లో అక్కడి సైనికుడికి రెండు అవసరాలు ఉండేవి: డబ్బా ఆహారం తెరవాలి, తుపాకీ విప్పి శుభ్రం చేసుకోవాలి. ఆ తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి. అందుకని బ్లేడు, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్ ఒకే పిడిలో వచ్చాయి. కార్ల్ ఎల్సెనర్ అనే కత్తుల తయారీదారు దాన్ని తేలిక చేసి, రెండో బ్లేడూ కార్క్ తీసే మెలికా చేర్చి 1897లో ఆఫీసర్ చాకుగా నమోదు చేయించాడు. నేటి విక్టోరినాక్స్ కంపెనీ ఎర్ర చాకు ఆ వంశమే. కోయడం, కత్తిరించడం, తెరవడం, చిన్న స్క్రూ తిప్పడం దీని పనులు. తేలిగ్గా ఉంటుంది, జేబులో ఉన్నట్టే తెలియదు. కానీ దేన్నైనా పట్టుకుని బలంగా తిప్పమంటే దానికి చెయ్యి లేదు.

ప్లేయర్ కుటుంబం పుట్టింది ప్రయాణంలో. టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. దారిలో కారు మొరాయించేది, దిగిన చౌక హోటళ్లలో కొళాయిలు కారేవి. జేబులో చాకు ఉంది కానీ ప్రతిసారీ కావాల్సి వచ్చింది కటింగ్ ప్లేయర్. ఇంటికెళ్లి ఏళ్ల తరబడి నమూనాలు చేసి, 1980లో పేటెంట్ తీసుకుని, 1983లో మొదటిది అమ్మాడు. మధ్యలో ప్లేయర్, దాని రెండు పిడుల్లో మిగతా పనిముట్లు మడిచి ఉంటాయి. పట్టుకోవడం, తిప్పడం, లాగడం, వైరు తెంపడం దీని బలం. బరువు దీని లోపం.

కాబట్టి అసలు ప్రశ్న బ్రాండు గురించి కాదు. మీ చేతికి రోజూ ఎక్కువ కావాల్సింది కత్తెరా, ప్లేయరా? ముందు అది తేలాలి.

కొనే ముందు రెండు వారాలు రాసుకోండి

నేను చేసింది చెప్తాను. కొనకముందు రెండు వారాలపాటు, 'ఇప్పుడు ఒక పనిముట్టు ఉంటే బాగుండు' అనిపించిన ప్రతిసారీ ఫోన్ నోట్స్‌లో ఒక ముక్క రాసుకున్నాను. పాల ప్యాకెట్టు. కొరియర్ డబ్బా. చొక్కా ట్యాగు. ప్లగ్గులో వదులైన స్క్రూ. బైక్ అద్దం. బాత్రూమ్ గడియ. చేతిలో ముల్లు. మళ్లీ కొరియర్ డబ్బా. అమ్మ పంపిన పెట్టె.

రాసిన దాన్ని చూస్తే సగానికి పైగా కత్తెరో బ్లేడో కావాల్సిన పనులే. ప్లేయర్ పనులు తక్కువ. కానీ అవి వచ్చినప్పుడు మరో దారి లేదు. ప్యాకెట్టు పంటితోనైనా చింపొచ్చు, సిలిండర్ తాడు తెగితే పళ్లు పనికిరావు. పనులను లెక్కపెట్టడం ఒక్కటే చాలదని అప్పుడర్థమైంది. పని ఆగిపోయే సందర్భాలేవో కూడా చూడాలి.

అద్దె ఇంట్లో ఉండే బ్యాచిలర్లు, కొత్తగా కాపురం పెట్టినవాళ్లు, ఇంట్లో టూల్‌బాక్స్ లేనివాళ్లు ప్లేయర్ వైపు మొగ్గితే మంచిది. ఇంట్లో టపారియా లాంటి కంపెనీ ప్లేయరూ స్క్రూడ్రైవర్ సెట్టూ ఇప్పటికే ఉన్నవాళ్లకు జేబులో రెండో ప్లేయర్ అవసరం అరుదు. వాళ్లకు కత్తెర ఉన్న చాకు చాలు. ఇది నా గట్టి అభిప్రాయం. ఇంటి పనిముట్టుకు జేబుది ఎప్పుడూ సాటి రాదు. స్విచ్ బోర్డు స్క్రూ లోతుగా ఉంటుంది. మల్టీటూల్ స్క్రూడ్రైవర్ పొట్టి, పైగా పక్కనే లావు పిడి అడ్డం పడుతుంది, కొస స్క్రూ దాకా పోదు. అదే పనిని పొడుగాటి మామూలు స్క్రూడ్రైవర్ పది సెకన్లలో చేస్తుంది.

కొళాయి దగ్గర ఒక ఆదివారం

బెంగళూరులో బోరు నీళ్ల ఇళ్లలో ఉండేవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. సింక్ కొళాయి ధార మెల్లమెల్లగా సన్నబడి, చివరికి రెండు పాయలుగా చీలి పక్కలకు చిమ్ముతుంది. కొళాయి మూతి దగ్గర చిన్న జాలీ ఉంటుంది. నీళ్లలోని సున్నం దాని మీద తెల్లటి పొరగా గట్టిపడుతుంది. చేత్తో తిప్పితే రాదు, ఆ సున్నమే సిమెంటులా పట్టేసి ఉంటుంది.

వింగ్‌మన్ కొన్న మొదటి ఆదివారం ఇదే పెట్టుకున్నాను. పాత బనీను ముక్క కొళాయి మూతికి చుట్టి, దాని మీద ప్లేయర్ వేసి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పాను. గుడ్డ లేకుండా పడితే పళ్ల గాట్లు పడి కొళాయి మెరుపు పోతుంది, ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనర్ ఆంటీ అడ్వాన్స్‌లోంచి తీసేస్తుంది. రెండో తిప్పుకు 'కిర్' అని వదిలింది. జాలీని నిమ్మరసంలో అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో తోమితే రంధ్రాలు తెరుచుకున్నాయి. మళ్లీ చేత్తోనే బిగించాను, ప్లేయర్ వాడలేదు. లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, ఎక్కువ బిగిస్తే నలిగిపోతుంది.

ఈ పనిలో ఒకటి గమనించాను. వింగ్‌మన్ ప్లేయర్‌లో స్ప్రింగ్ ఉంది, పట్టు వదలగానే దవడలు వాటంతటవే తెరుచుకుంటాయి. వంగి, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, రెండో చేత్తో పదిసార్లు పట్టి వదిలే పనిలో ఇది చాలా సుఖం. అదే కంపెనీ మరో రకం వేవ్ ప్లస్‌లో ఈ స్ప్రింగ్ లేదు, ప్రతిసారీ వేళ్లతో పిడులు విడదీసుకోవాలి. వేవ్ ఖరీదైనది కాబట్టి ప్రతి విషయంలోనూ మెరుగే అనుకునేవాళ్లు దుకాణంలో రెండూ చేత్తో పట్టి చూడాలి.

అమ్మ పంపిన పెట్టె

ఆర్టీసీ కార్గోలో అమ్మ నెలకో పెట్టె పంపుతుంది. వేరుశెనగలు, చింతపండు, ఒక సీసా ఊరగాయ, పాత చీర ముక్కల్లో చుట్టిన ఇంకేవో. మీదంతా బ్రౌన్ టేపు ఒకదాని మీద ఒకటి, ఆపైన పురికొస, దానికి అమ్మ వేసే ముడి. ఆ ముడి చేత్తో విప్పగలిగినవాడు మా ఇంట్లో నాన్న ఒక్కడే.

ఇక్కడ చాకు కుటుంబం గెలుస్తుంది. పొడుగు బ్లేడు టేపులో దిగితే లోపలికి ఎంత పోతుందో తెలియదు, ఊరగాయ కవరు కోసుకుపోతే పెట్టె అంతా నూనె. చిన్న బ్లేడు, లేదా కత్తెర మొండి కొస, టేపు మందం వరకే దిగేలా చూసుకుని లాగాలి. విక్టోరినాక్స్ చాకుల్లో కార్క్ మెలిక ఉన్న రకాన్ని మనకెందుకులే అని వదిలేయకండి. మెలిక కొస ముడి మధ్యలో దూర్చి అటూ ఇటూ కదిపితే పురికొస తెగకుండా ముడి వదులవుతుంది. పురికొస దాచుకునే ఇళ్లలో పుట్టిన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆ మెలికలోనే మరతో బిగించుకునే సన్నటి స్క్రూడ్రైవర్ ఒకటి విడిగా దొరుకుతుంది, కళ్లజోడు కాడ స్క్రూ బిగించడానికి. కళ్లజోడు వాడేవాళ్లు అది తప్పక తీసుకోండి.

ఏది ఎవరికి

అన్నిటికంటే చిన్నది విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ. మూసినప్పుడు 58 మిల్లీమీటర్లు, బరువు ఇరవై గ్రాముల పైచిలుకు. తాళాల గుత్తికి వేలాడదీస్తే ఉన్నట్టే తెలియదు. చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, ట్వీజర్, పళ్లపుల్ల. ఆకురాయి కొసే చిన్న స్క్రూడ్రైవర్, చిన్న స్టార్ స్క్రూలను కూడా అది తిప్పుతుంది. దీని కత్తెర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, కానీ పాల ప్యాకెట్టు మూల నుంచి మందుల స్ట్రిప్పు దాకా శుభ్రంగా తెంపుతుంది. కాలేజీ పిల్లలకు, పర్సు తప్ప బ్యాగు మోయనివాళ్లకు, మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా ఇదే.

దాని తర్వాతి మెట్టు 91 మిల్లీమీటర్ల చాకులు. వీటిలో పేర్లు చాలా ఉన్నాయి, తేడా మాత్రం కొద్దిపాటిదే. క్లైంబర్‌లో కత్తెర, కార్క్ మెలిక ఉంటాయి. సూపర్ టింకర్‌లో కత్తెర ఉంటుంది, మెలిక బదులు అసలైన స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటుంది. మన ఇళ్లలో ప్లగ్గు, ఫ్యాన్ రెగ్యులేటర్, నేమ్ ప్లేట్, పిల్లల బొమ్మ బ్యాటరీ మూత, అన్నీ స్టార్ స్క్రూలే. కాబట్టి ఊరి నుంచి వచ్చే మూటలు విప్పే పని లేనివాళ్లు సూపర్ టింకర్ తీసుకోవడమే మేలు. ఈ సైజు చాకుల్లో బ్లేడుకు లాక్ ఉండదు. కోసేటప్పుడు పర్వాలేదు, గుచ్చే పనికి మాత్రం వాడొద్దు. బ్లేడు వెనక్కి మడుచుకుంటే మీ వేళ్ల మీదే పడుతుంది.

చిన్న ప్లేయర్లలో గర్బర్ కంపెనీ డైమ్ ఉంది. అరవై గ్రాముల చుట్టూ బరువు, మూస్తే ఏడు సెంటీమీటర్లు. స్ప్రింగ్ ప్లేయర్, కత్తెర, ప్లాస్టిక్ ప్యాకింగు చీల్చే చిన్న కొక్కెం. ఇయర్‌ఫోన్ పిన్ను, జిప్ తల, చెవి కమ్మ మర, ఇలాంటి సన్నపని వరకే దీని ప్లేయర్. సిలిండర్ మూతకు ఇది చాలదని ముందే అనుకోండి. తాళాల గుత్తికి ప్లేయర్ కావాలనుకునేవాళ్లకు మాత్రం సరైన సైజు.

లెదర్‌మన్ స్కెలెటూల్ 142 గ్రాములు. పెద్ద ప్లేయర్‌కు ఇది చాలా తక్కువ బరువు. బైక్ మీద తిరిగేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు దీన్ని ఇష్టపడతారు. కొసలు మార్చుకునే స్క్రూడ్రైవర్ దీని పెద్ద గుణం. కత్తెర మాత్రం లేదు. నేను దీన్ని వదిలేసింది ఆ ఒక్క కారణంతోనే.

వింగ్‌మన్ 199 గ్రాములు, మన ఫోనంత బరువు. 14 పనిముట్లు. నేను ఎంచుకున్న కారణం ఒకటే: కత్తెరా, బ్లేడూ రెండూ పిడి బయటి వైపు ఉన్నాయి. ప్లేయర్ విప్పకుండానే బొటనవేలితో తీసుకోవచ్చు. వేవ్ ప్లస్‌లో కత్తెర పిడి లోపల ఉంటుంది. ముందు మొత్తం విప్పాలి, తర్వాత కత్తెర లాగాలి, మళ్లీ పిడులు మూయాలి. పాల ప్యాకెట్టు కోసం పొద్దున్నే అంత పని ఎవరు చేస్తారు? వేవ్ ప్లస్ 241 గ్రాములు, ధర పదివేలు దాటుతుంది. దానికి తగ్గ విలువ ఎక్కడుందంటే రంపం, గట్టి ఆకురాయి, అరిగిపోతే మార్చుకునే వైర్ కట్టర్ దవడల్లో. ఇంటర్నెట్ కేబుల్ లాగేవాళ్లు, సౌండ్ సిస్టమ్ బిగించేవాళ్లు, తోట పని ఉన్నవాళ్లు, ఏసీ మెకానిక్కులు అంత డబ్బు పెడితే అది వాళ్లకు తిరిగొస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చునే నాకు రాదు.

విక్టోరినాక్స్ స్విస్‌టూల్ స్పిరిట్ అని ఇంకొకటి ఉంది, చాకు కంపెనీ చేసిన ప్లేయర్. ప్లేయర్ విప్పకుండానే అన్ని పనిముట్లూ బయటి నుంచి తీసుకోవచ్చు, ప్రతిదీ లాక్ అవుతుంది. చేతిలో పట్టుకుంటే అంచులు గుచ్చుకోవు. ఇంత నునుపైన ప్లేయర్ నేను ఇంకోటి పట్టుకోలేదు. డబ్బుకు ఇబ్బంది లేకపోతే, ఒకటి కొని ముప్పై ఏళ్లు వాడాలనుకునేవాళ్లు ఇది చూడాలి.

చౌక రకం సంగతి

వింగ్‌మన్ కంటే ముందు నా దగ్గర పేరు లేని మల్టీటూల్ ఒకటి ఉండేది. ఫుట్‌పాత్ మీద కొన్నాను, ఆరేడు వందలు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది, పద్దెనిమిది పనిముట్లు, నల్లటి పూత, ఒరతో సహా. ఒంగోలువాడి బైక్ నంబర్ ప్లేటు నట్టు పట్టి తిప్పుతుంటే ప్లేయర్ దవడ ఒకటి పక్కకి ఒరిగింది. చెయ్యి జారి సైలెన్సర్ ఇనుముకు తగిలి కణుపుల మీద తోలు లేచింది. ఆ తర్వాత ఆ దవడలు మళ్లీ కలవలేదు, కాగితం ముక్కని కూడా పట్టలేవు. పనిముట్టు మంచిది కాకపోతే పని ఆగడంతో పోదు, దెబ్బ కూడా తగులుతుంది. ధర తక్కువ కావాలంటే పనిముట్ల సంఖ్య తగ్గించండి, లోహం నాణ్యత తగ్గించకండి. ఆ డబ్బుతో మంచి కంపెనీ మామూలు కటింగ్ ప్లేయర్ ఒకటి వస్తుంది, అది ఇంట్లో ఇరవై ఏళ్లుంటుంది.

వారంటీ సంగతి కూడా ఇక్కడే. లెదర్‌మన్ 25 ఏళ్లు ఇస్తుంది. విక్టోరినాక్స్ లోహంలోనో తయారీలోనో లోపముంటే జీవితకాలం చూసుకుంటుంది. పదును పోవడం, అరుగుదల అందులోకి రావు. బిల్లు ఫొటో తీసి దాచుకోండి.

ఎస్పీ రోడ్డులో చేత్తో పట్టి చూడటం

ఆన్‌లైన్‌లో కొన్నా సరే, ఒకసారి చేత్తో పట్టి చూసి కొనడం మంచిదని నా నమ్మకం. టౌన్‌హాల్ దగ్గర ఎస్పీ రోడ్డు, దాన్ని దాటితే కేఆర్ మార్కెట్ వైపు సందులు. హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ సామాను అంతా అక్కడే. పెద్ద మాల్స్‌లో కత్తుల కౌంటర్లు కూడా ఉంటాయి కానీ ఎస్పీ రోడ్డు దుకాణదారుడు వస్తువు విప్పి చేతికిస్తాడు. తెలుగులో మాట్లాడితే సగం మంది తెలుగులోనే బదులిస్తారు.

చేతికి వచ్చాక నేను చూసేవి ఇవి. ప్లేయర్ మూసి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టాలి, కొస దగ్గర దవడల మధ్య వెలుతురు కనిపించకూడదు. తర్వాత ఒక్క కాగితాన్ని కొసతో పట్టి లాగాలి, జారిపోకూడదు. ప్రతి పనిముట్టునూ గోటితో తెరిచి పక్కకి ఊపాలి. పిడి దగ్గర కదలిక ఉందంటే ఆరు నెలల్లో అది రెట్టింపవుతుంది. ఒకటి తీస్తుంటే పక్కది కూడా లేచి వస్తోందా చూడాలి. విక్టోరినాక్స్ అయితే బ్లేడు మొదట్లో కంపెనీ పేరు చెక్కి ఉంటుంది, ఎర్ర పిడి మీద శిలువ గుర్తు ఒక్కటే చూసి నమ్మొద్దు. ఆ ఎర్ర రంగుకు నకళ్లు చాలా ఉన్నాయి. అసలు చాకును మూసేటప్పుడు చివర్లో స్ప్రింగ్ లాక్కున్నట్టు 'టక్'మంటుంది. నకిలీది మెత్తగా మూసుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం కత్తెర పరీక్ష. దుకాణంలో కాగితం ఇస్తారు, కాగితాన్ని ఎలాంటి కత్తెరైనా కోస్తుంది. పలుచటి ప్లాస్టిక్ ఇవ్వండి. మంచి కత్తెర దాన్ని కొస దాకా కోస్తుంది. చెడ్డది సగం కోసి, మిగతాది రెండు రేకుల మధ్య మడిచి నములుతుంది. ఇంట్లో మనం రోజూ కోసేది కాగితం కాదు, ప్లాస్టిక్. నేను జేబులో కడిగిన పాలకవరు ఒకటి పెట్టుకెళ్లాను. దాంతో మూడు కత్తెరలు చూశాను, ఒకటి అక్కడికక్కడే ఓడిపోయింది.

కరెంటు, గేటు, విమానం

ఈ మూడింటి గురించి తెలుసుకోకుండా ఎవరూ కొనొద్దు.

మల్టీటూల్ పిడి మొత్తం లోహమే. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ప్లగ్గు విప్పాలంటే సాకెట్లోంచి బయటికి తీశాకే. స్విచ్ బోర్డు జోలికి పోవాలంటే ఎమ్‌సీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే మీట) దించి, టెస్టర్‌తో చూసుకున్నాకే. మామూలు ఎలక్ట్రీషియన్ ప్లేయర్ పిడికి ఉండే రబ్బరు తొడుగు దీనికి లేదు. స్విచ్ ఆపేశాం కదా అని బోర్డులో దీని కొస పెట్టకండి, బోర్డులోకి వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. గ్యాస్ విషయంలోనూ అంతే. మూత తీసే వరకే పని, లోపలి వాల్వులో ఏ కొసా పెట్టకూడదు. లోపల రబ్బరు రింగు పాడైతే ఏజెన్సీ మనిషిని పిలవాలి.

చట్టం విషయానికొస్తే, 2016 ఆయుధ నిబంధనల్లో పదునైన ఆయుధాల కింద రాసింది 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడుల గురించి, అందులోనూ ఇంటి, వ్యవసాయ పనులకు చేసినవి మినహాయింపు. మన జేబు చాకు బ్లేడు మూడు అంగుళాలకు అటూ ఇటూ. అయినా బ్యాగు స్కానర్ ఉన్న చోట గార్డు ఆపి అడగొచ్చు, లోపలికి వద్దనొచ్చు. మెట్రో, మాల్, టెక్ పార్క్ ఏదైనా అంతే. అది ఆయన డ్యూటీ, వాదించడం వల్ల లాభం లేదు. రోజూ మెట్రోలో వెళ్లేవాళ్లు పెద్దది ఆఫీసు డ్రాయర్‌లోనో ఇంట్లోనో ఉంచుకోవడమే మంచిది.

విమానంలో చేతిబ్యాగులో చాకు ఉన్న ఏ మల్టీటూలూ వద్దు, తాళాల గుత్తికి ఉన్న చిన్నది కూడా. చెక్-ఇన్ బ్యాగులో వేయాలి. తాళాల గుత్తికి ఉన్నదాన్నే చాలామంది మర్చిపోతారు. పండక్కి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కే ముందు రాత్రే గుత్తి విప్పి చూసుకోండి.

నూనె

నెలకోసారి ఒక చుక్క నూనె మడత దగ్గర. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కంటే చలి ఉంటే అది గడ్డకడుతుంది. డిసెంబర్ రాత్రి బెంగళూరులో బాత్రూమ్ సీసాలో చూస్తూనే ఉంటాం కదా, మడతల్లోనూ అలాగే గడ్డకట్టి దుమ్ము పట్టుకుంటుంది. కుట్టుమెషీన్ నూనె చాలు. మామిడికాయో నిమ్మకాయో కోసిన రోజు బ్లేడు కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, కాసేపు తెరిచే ఉంచి ఆరాక మూయండి. తుప్పు పట్టని స్టీలు అన్నా పులుపుకు మచ్చలు పడతాయి.

నంద్యాలవాడికి చివరికి ఏం చెప్పానంటే, తాళాల గుత్తికి క్లాసిక్ తీసుకో, బైక్ సీటు కింద ఒక మామూలు కటింగ్ ప్లేయర్ పడెయ్ అన్నాను. రెండూ కలిపినా వింగ్‌మన్ ధర కాదు, వాడి పనులు రెండిట్లో ఏదో ఒకదానితో అయిపోతాయి. శనివారం ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్తానన్నాను. వచ్చేటప్పుడు ఒక పాలకవరు కడిగి ఆరబెట్టి తెచ్చుకో అని కూడా చెప్పాను. ఇప్పుడు మా వంటింటి కిటికీ ఊచకు రెండు కవర్లు క్లిప్పులతో వేలాడుతున్నాయి. ఒంగోలువాడు కూడా వస్తాడట.